సిలికోన్ క్యాథెటర్‌కి యాంటీబ్యాక్టీరియల్ పూత: ప్రాజెక్టు డైరీ, ఇప్పటిదాకా

ఫోలీ క్యాథెటర్ అంటే మూత్రాశయంలో పెట్టే గొట్టం. జారిపోకుండా పట్టి ఉంచడానికి చివర్లో చిన్న బెలూన్ ఉంటుంది. ఇది లోపల ఉన్నన్నాళ్ళూ దాని మీదికి బ్యాక్టీరియా చేరుతూనే ఉంటుంది, చేరినవి జిగురు లాంటి పదార్థం వదిలి పొర కడతాయి, ఆ పొర (బయోఫిల్మ్) ఒకసారి ముదిరిందంటే యాంటీబయాటిక్ ఇచ్చినా లోపలున్నవి అంత తేలిగ్గా చావవు, చాలాసార్లు గొట్టం మార్చాల్సిందే. అది మొదట్లోనే కట్టకుండా సిలికోన్‌కి ఏదైనా పూత వేయగలమా అన్నది మా ప్రాజెక్టు.

మేమేదో కొత్తగా కనిపెడుతున్నామని కాదు. వెండి పూత ఉన్న క్యాథెటర్లు మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ ఉంది, బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 7 వేల మందికి పైగా రోగులతో చేసింది. కొద్ది రోజులకే క్యాథెటర్ అవసరమైనవాళ్ళలో, వెండి మిశ్రమం పూత ఉన్నది పెట్టినా సాధారణమైనది పెట్టినా లక్షణాలతో వచ్చే ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ల్యాబులో 99.9 శాతం చంపేసే పూత మనిషి దాకా వెళ్ళేసరికి ఎందుకు చల్లబడుతుంది? మేం ఏ పూత వేయాలా అని పెట్టిన సమయం కన్నా దాన్ని ఎలా పరీక్షించాలా అని పెట్టిన సమయమే ఎక్కువ. చదివేవాళ్ళకి ఇది కాస్త విసుగ్గా ఉండొచ్చు, కానీ అసలు విషయం అక్కడే ఉంది.

షీట్లు కోయడం, కడగడం

నేరుగా గొట్టాల మీద మొదలుపెట్టలేదు. సిలికోన్ షీటును 50 మి.మీ. చదరాలుగా కోశాం, ఎందుకంటే ఐఎస్‌ఓ 22196 పరీక్షకి (ఉపరితలం బ్యాక్టీరియాని ఎంత చంపుతుందో కొలిచే అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి) ఆ సైజే కావాలి. షీటు చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది గానీ, సిలికోన్ లోపల గొలుసులకి అతుక్కోని చిన్న చిన్న అణువులు నూనెలా మిగిలిపోయి ఉంటాయి, అవి నెమ్మదిగా పైకి వస్తూ ఉంటాయి. వాటిని తీయకుండా పూత వేస్తే పూత నిలిచేది ఆ నూనె మీద. అందుకని హెక్సేన్‌లో నానబెట్టాం. హెక్సేన్ తాగిన సిలికోన్ చదరం కళ్ళముందే ఉబ్బుతుంది, 50 మి.మీ. ముక్క పెట్రి ప్లేటు అంచులకి తగిలేంత అవుతుంది. బయటికి తీసి ఆరబెడితే మళ్ళీ పాత సైజుకి వస్తుంది, అయితే తొందరపడి వేడిగాలి పెడితే అంచులు ముడుచుకుపోతాయి, అలాంటివి పరీక్షకి పనికిరావు. ఫ్యూమ్ హుడ్‌లో మూతపెట్టి రాత్రంతా వదిలేయడమే మేలు.

తర్వాత ఆక్సిజన్ ప్లాస్మా, అంటే విద్యుత్ శక్తితో అయాన్లుగా మార్చిన ఆక్సిజన్ వాయువు తగిలించడం. మామూలు సిలికోన్ మీద నీటి చుక్క గుండ్రంగా నిలబడుతుంది, కాంటాక్ట్ యాంగిల్ (చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం) 110 డిగ్రీల దగ్గర ఉంటుంది. ప్లాస్మా పెట్టిన వెంటనే అదే చుక్క పూర్తిగా పరుచుకుపోతుంది. ఈ సంబరం ఎక్కువసేపు ఉండదు, గాలిలో వదిలేస్తే కొన్ని గంటల నుంచే మళ్ళీ పాత గుణం తిరిగొస్తుంది. కాబట్టి ప్లాస్మా తీసిన చేత్తోనే తర్వాతి ద్రావణంలోకి వెళ్ళాలి. మధ్యలో టీ బ్రేకు లేదు.

క్వాట్ పూత, నురగ

మొదట పట్టుకున్నది క్వాటర్నరీ అమోనియం సిలేన్. మేమంతా క్వాట్ అనేస్తాం. ఒక చివర సిలికోన్ ఉపరితలానికి రసాయనికంగా అతుక్కుంటుంది, మధ్యలో శాశ్వతమైన ధనావేశం ఉన్న నైట్రోజన్, దాని వెనక 18 కార్బన్ల తోక. బ్యాక్టీరియా పైపొర మీద రుణావేశం ఉంటుంది, అందుకే వచ్చి అంటుకుంటుంది, అంటుకున్నాక పొర దెబ్బతిని చస్తుంది. మందు ఏదీ వదలకుండా తాకితేనే చంపే ఉపరితలం అన్నమాట. ఈ ఆలోచన కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. 2001లో టిల్లర్, క్లిబనోవ్ బృందం గాజు మీద ఇలాంటి పాలిమర్ గొలుసులు అతికించి, తాకితేనే బ్యాక్టీరియా చస్తుందని చూపించినప్పటి నుంచి దీని మీద కుప్పలుతెప్పలుగా పేపర్లు వచ్చాయి.

మా షీట్లకి క్వాట్ వేసి, ఒకసారి నీళ్ళలో ముంచి తీసి, అగార్ ప్లేటు (బ్యాక్టీరియా పెంచే జెల్లీ పళ్ళెం) మీద బ్యాక్టీరియా పరిచి మధ్యలో పెట్టాం. మర్నాడు చూస్తే షీటు చుట్టూ తేటగా వలయం. ప్లేటు చూసిన జూనియర్‌కి మహా ఆనందం. మైక్రోబయాలజీ చూసే మా సీనియర్ మాత్రం "వలయం వచ్చిందంటే నీ పూత ఊడి అగార్‌లోకి పోతోందని కదమ్మా అర్థం, ఇంకేం తాకితే చంపడం?" అన్నారు. నిజమే. తాకితేనే చంపే పూతకి చుట్టూ వలయం రాకూడదు. వెండి లాంటి, అయాన్లు వదిలే పూతకైతే వలయం సహజం. రెండిటికీ ఒకే ఫొటో పెట్టి మాది పనిచేస్తోందని చెప్పే పోస్టర్లు కాన్ఫరెన్సుల్లో ఇప్పటికీ కనిపిస్తుంటాయి, చూస్తే చిరాకేస్తుంది.

ఊడిపోయేదెంత, నిజంగా అతుక్కున్నదెంత అని తేల్చడానికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేని మార్గం ఒకటి దొరికింది. క్వాట్ సబ్బు జాతి పదార్థమే. షీటు కడిగిన నీళ్ళని ట్యూబులో పోసి గట్టిగా ఊపితే, వదులుగా ఉన్న క్వాట్ నీళ్ళలోకి వచ్చి ఉంటే నురగ నిలుస్తుంది. మొదటి కడుగు నీళ్ళలో నురగ ట్యూబు సగం దాకా లేచింది. సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కడిగే తొట్టి) పెట్టి నీళ్ళు, ఇథనాల్, మళ్ళీ నీళ్ళు మారుస్తూ పోతే నురగ తగ్గుతూ వచ్చి, చివరికి ఊపినా బుడగ నిలవని స్థితికి వచ్చింది. అప్పుడు ఫ్లోరెసిన్ పరీక్ష పెట్టాం. ఈ పసుపు రంగు ధనావేశానికి పట్టుకుంటుంది, కడిగాక పట్టుకున్న రంగుని వేరే డిటర్జెంటుతో బయటికి లాగి 501 నానోమీటర్ల దగ్గర కొలిస్తే చదరపు సెంటీమీటరుకి ఎన్ని ఆవేశాలున్నాయో లెక్కొస్తుంది. తాకితే చంపాలంటే 10¹⁵ స్థాయిలో ఉండాలని తరచూ చెబుతారు. నురగ వచ్చే షీట్లలో ఆ అంకె ఎక్కడికో వెళ్ళింది, నురగ ఆగిన షీట్లలో బాగా తగ్గింది, కానీ తగ్గినచోట నిలబడింది, మళ్ళీ కడిగినా మారలేదు. ఇకమీదట మా లెక్కలో నురగ ఆగిన షీటే షీటు.

99.99 అంకె, న్యూట్రలైజర్

ఐఎస్‌ఓ 22196 పద్ధతి చెప్పడానికి చిన్నదే. షీటు మీద 0.4 మి.లీ. బ్యాక్టీరియా ద్రావణం వేసి, పైన 40 మి.మీ. పల్చటి ఫిల్ము కప్పి, 35 డిగ్రీల దగ్గర, తేమ 90 శాతానికి తగ్గకుండా 24 గంటలు ఉంచాలి. తర్వాత బ్రాత్‌తో (పోషకాలున్న ద్రవం) కడిగి, బతికున్నవాటిని ప్లేటు మీద పెంచి లెక్కపెట్టాలి. వాడేది ఇ. కోలై, స్టెఫిలోకాకస్ ఆరియస్. పూత లేని షీటు మీద మిగిలినవాటికీ పూత ఉన్నదాని మీద మిగిలినవాటికీ లాగరిథమ్‌లో తేడా చూస్తారు, 3 లాగ్ అంటే 99.9 శాతం, 4 లాగ్ అంటే 99.99.

చేసేటప్పుడు చిన్న తలనొప్పులున్నాయి. పూత లేని సిలికోన్ మీద ద్రావణం పూసల్లా ముడుచుకుంటుంది, ఫిల్ము కప్పి మెల్లగా నొక్కితే గానీ పరుచుకోదు. నీళ్ళని ఇష్టపడే పూత మీదేమో ఫిల్ము పెట్టకముందే అంచుల దాకా పారిపోతుంది, ఫిల్ము దాటి బయటికి కారిందంటే ఆ షీటు లెక్కలోకి రాదు, అప్పుడు ద్రావణం తగ్గించాలి.

అసలు తలనొప్పి వేరే. కడిగే బ్రాత్‌లో లెసిథిన్, పాలిసార్బేట్ ఉంటాయి, క్వాట్ లాంటివాటిని కట్టేసి ఇక చంపకుండా ఆపడానికి. వీటినే న్యూట్రలైజర్ అంటారు. అవి సరిపోకపోతే ఏమవుతుందంటే, షీటు మీద 24 గంటలూ బతికిన బ్యాక్టీరియా కూడా కడిగిన తర్వాత ఆ బ్రాత్‌లోనో, ప్లేటు మీదో చస్తుంది, మనం మాత్రం అది పూత ఘనత అనుకుంటాం. అందుకే ప్రతి పూతకీ ఒక అదనపు పరీక్ష పెట్టుకున్నాం. పూత షీటుని బ్రాత్‌లో వేసి, అందులో తెలిసిన కొద్ది సంఖ్యలో బ్యాక్టీరియా కలిపి, వెంటనే ప్లేటు మీద పోయాలి. కలిపినన్ని కాలనీలు వస్తేనే ఆ బ్రాత్ ఆ పూతకి సరిపోయినట్టు. నురగ ఆగని క్వాట్ షీటు ఈ పరీక్షలో తప్పింది, నురగ ఆగినది నెగ్గింది. వెండికి ఆ బ్రాత్ ఒక్కటే చాలలేదు, సోడియం థయోసల్ఫేట్, థయోగ్లైకొలేట్ కలపాల్సి వచ్చింది, వెండి అయాన్ గంధకాన్ని చూస్తే వదలదు కాబట్టి. ఎవరైనా 99.99 అని అంకె చూపిస్తే నేను ముందు అడిగేది న్యూట్రలైజర్ ఏం వాడారనే, ఆ మాట పేపర్లో ఎక్కడా లేకపోతే ఆ అంకెని పక్కన పెట్టేస్తా.

ఇన్ని వడపోతలు దాటాక కూడా క్వాట్ షీటు బాగానే చంపింది, ప్లేట్లు దాదాపు ఖాళీ. అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

సీరం పెట్టిన రోజు

ఆ ఊపిరి ఎక్కువ రోజులు నిలవలేదు. పరీక్షలో వాడే ద్రావణం 500 రెట్లు పలచబెట్టిన న్యూట్రియెంట్ బ్రాత్, అంటే దాదాపు మంచినీళ్ళు. శరీరంలో ఏ వస్తువు పెట్టినా మొదటి నిమిషాల్లోనే దాని మీద ప్రొటీన్ పొర చేరుతుంది, బ్యాక్టీరియా వచ్చి వాలేది ఆ పొర మీద. అందుకని షీట్లని 10 శాతం సీరంలో (రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే, ప్రొటీన్లున్న ద్రవం) గంటసేపు ముంచి, కడిగి, అదే పరీక్ష మళ్ళీ చేశాం. క్వాట్ షీటు మీద కాలనీలు మామూలు సిలికోన్‌తో పోటీపడ్డాయి. మేకులు కొట్టిన పలక మీద దుప్పటి పరిచినట్టే, మేకులున్నాయి గానీ గుచ్చుకోవు. ఫ్లోరెసిన్ పెట్టి చూస్తే రంగు పట్టడం కూడా పడిపోయింది, అంటే ఆవేశాలు ఊడిపోవాల్సిన పని లేదు, ప్రొటీన్ కింద కప్పబడిపోతే చాలు.

ఇంకోటి కూడా కలుస్తుంది. తాకి చచ్చిన బ్యాక్టీరియా ఎక్కడికీ పోదు, ఆ శవం అక్కడే అంటుకుని ఉంటుంది, తర్వాత వచ్చేదానికి అదే మెత్తటి ఆసనం. ఒకే షీటుని కడగకుండా వరసగా మళ్ళీ మళ్ళీ బ్యాక్టీరియాతో నింపితే చంపే శక్తి పోనుపోను తగ్గడం కనిపించింది.

క్వాట్‌ని ఇక్కడితో వదిలేద్దామన్నది నా అభిప్రాయం. టీమ్‌లో ఒకరికి ఇంకా దాని మీద ప్రేమ పోలేదు, ఆయన షీట్లు ఆయన దగ్గరున్నాయి. కంప్యూటర్ కీబోర్డు కవర్లకో, తలుపు పిడికో, రక్తం, మూత్రం తగలని పొడి ఉపరితలాలకో అది బాగానే పనికొస్తుందేమో. మూత్రంలో నానే గొట్టానికి మాత్రం కాదు.

డోపమిన్, వెండి

ఆల్చిప్పలు తడి రాళ్ళకి ఎలా అతుక్కుంటాయో చూసి, 2007లో హేషిన్ లీ, మెస్సర్‌స్మిత్ బృందం సైన్స్ పత్రికలో పెట్టిన పద్ధతి ఇది: డోపమిన్‌ని మి.లీ.కి 2 మి.గ్రా. చొప్పున పీహెచ్ 8.5 ట్రిస్ బఫర్‌లో కలిపి వస్తువుని ముంచితే చాలు, దాదాపు దేని మీదైనా పల్చటి పూత (పాలిడోపమిన్) పడుతుంది, రోజంతా ఉంచినా మందం 50 నానోమీటర్ల దగ్గరే. ద్రావణం కలిపిన కాసేపటికి లేత గులాబీ ఛాయ వస్తుంది, తర్వాత టీ రంగు, రాత్రికి సిరా నలుపు. అందులో నల్లటి రేణువులు కూడా తయారై కిందికి దిగుతాయి, షీటుని పడుకోబెడితే పైవైపు ఇసుక చల్లినట్టు అవుతుంది. అందుకే దారం కట్టి నిలువుగా వేలాడదీస్తున్నాం. మూతపెట్టి గాలి ఆపితే పూత సరిగా పడదు, ఈ చర్యకి ఆక్సిజన్ కావాలి.

దీంతో రెండు లాభాలు. ఒకటి, దానంతట అదే వెండి నైట్రేట్‌లోని అయాన్లని వెండిగా మార్చుకుని పట్టుకుంటుంది, వేరే రసాయనం అక్కర్లేదు. రెండోది, ఇది తడి పద్ధతి. పొడవైన సన్నటి గొట్టం లోపలికి ప్లాస్మా సమంగా వెళ్ళదు, కానీ ద్రావణం పంపు చేస్తే వెళ్తుంది. షీటు మీద ఎంత గొప్ప పూత వేసినా గొట్టం లోపలి గోడకి వేయలేకపోతే క్యాథెటర్‌కి పనికిరాదు.

వెండికి సీరం దెబ్బ తక్కువ తగిలింది, పూర్తిగా తగలకుండా పోలేదు. అయాన్ దూరం పోగలదు కాబట్టి పైన ప్రొటీన్ పొర ఉన్నా దాటుకుని వెళ్తుంది. కానీ ఉప్పు దానికి శత్రువు. నీళ్ళలో అదరగొట్టిన షీటు, ఫాస్ఫేట్ సెలైన్‌లో పెడితే నీరసపడింది, క్లోరైడ్‌తో కలిసి కరగని సిల్వర్ క్లోరైడ్ అయిపోతోంది. మూత్రంలోనూ క్లోరైడ్ దండిగా ఉంటుంది. అందుకే ఇక మీదట వెండి పరీక్షలన్నీ కృత్రిమ మూత్రంలోనే, మంచినీళ్ళ అంకెలు రాసుకోవడం మానేశాం.

మరి వెండి ఎక్కువ వేస్తే సరిపోదా అంటే, కణాలు ఊరుకోవు. ఐఎస్‌ఓ 10993-5 (వైద్య పరికరాలు కణాలకి విషమా అని చూసే ప్రమాణం) ప్రకారం షీటుని 37 డిగ్రీల దగ్గర మీడియంలో (కణాలు పెంచే ద్రవం) నానబెట్టి, ఆ మీడియంని ఎల్929 ఎలుక కణాలకి ఇస్తాం, బతికినవి 70 శాతం కన్నా తగ్గితే విషపూరితం కింద లెక్క. ఎక్కువ వెండి ఉన్న షీట్ల మీడియంలో కణాలు సాగి అతుక్కుని ఉండాల్సింది పోయి గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి, కొలవకముందే మైక్రోస్కోపులో ఫలితం తెలిసిపోయింది. వెండి విషయంలో ఈ జాగ్రత్త ఎందుకో చెప్పే ఉదాహరణ పాతదే ఒకటుంది. గుండె కవాటాల చుట్టూ కుట్టే బట్టకి ఇన్‌ఫెక్షన్ రాకుండా వెండి పూసిన సిల్‌జోన్ అనే రకాన్ని 2000 జనవరిలో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, కవాటం అంచుల పక్కనుంచి రక్తం లీకవడం ఎక్కువగా కనబడింది. బ్యాక్టీరియాని రానివ్వని చోటికి మన కణజాలమూ సరిగా రాకపోవచ్చు. గ్రిస్టినా అనే పరిశోధకుడు 1987లో ఇంప్లాంట్ల (శరీరంలో అమర్చే పరికరాల) గురించి చెప్పిన పరుగు పందెంలో ఇద్దరూ పరిగెత్తుతారు, శరీర కణాలూ బ్యాక్టీరియా, ఇద్దరి కాళ్ళూ విరగ్గొడితే లాభమేంటి? క్యాథెటర్‌కి కణజాలం అతుక్కోవాల్సిన అవసరం లేదు గనక మాకు కాస్త వెసులుబాటు ఉంది, అయినా 70 గీత గీతే.

ఇప్పుడు ఎక్కడున్నాం

ప్రస్తుత పూత ఇలా ఉంది: కింద పాలిడోపమిన్, దాని మీద కొద్దిగా వెండి, అన్నిటికన్నా పైన సల్ఫోబీటెయిన్ పాలిమర్‌ని డోపమిన్‌తో కలిపి వేసిన పొర. సల్ఫోబీటెయిన్‌లో ధన, రుణ ఆవేశాలు రెండూ పక్కపక్కనే ఉండి నీళ్ళని గట్టిగా పట్టుకుంటాయి, ఆ నీటి పొర వల్ల ప్రొటీన్ వచ్చి వాలడమే కష్టమవుతుంది. అంటే మొదటి పని రానివ్వకపోవడం, వెండి వంతు తప్పించుకుని వచ్చినవాటితోనే. సీరంలో ముంచాక కూడా ఈ షీట్లు క్వాట్ కన్నా చాలా మెరుగ్గా నిలిచాయి, కణాల పరీక్షలో కూడా 70 గీత కిందికి దిగలేదు.

తేలనివి ఉన్నాయి. బయోఫిల్మ్‌ని క్రిస్టల్ వయొలెట్‌తో కొలుస్తున్నాం, ఆ రంగు బ్యాక్టీరియా లేకుండానే పాలిడోపమిన్‌కి పట్టేస్తుంది, కాబట్టి ప్రతి పూతకీ దాని ఖాళీ షీటునే బ్లాంక్‌గా పెట్టి తీసేయాలి, లేదంటే మంచి పూత కూడా చెత్తగా కనిపిస్తుంది. పైగా ఆ రంగుకి చచ్చినదీ బతికినదీ తేడా తెలియదు, పక్కన కాలనీల లెక్క ఉండాల్సిందే.

బెలూన్ సంగతి ఇంకా కష్టం. సిలికోన్ సాగుతుంది, పాలిడోపమిన్ అంతగా సాగదు. పూత వేసిన ముక్కని క్లిప్పుల మధ్య లాగి మైక్రోస్కోపులో చూస్తే, లాగిన దిశకి అడ్డంగా వరసగా సన్నటి పగుళ్ళు, వదిలేస్తే మూసుకున్నట్టే కనిపిస్తాయి, మళ్ళీ లాగితే అవే చోట్ల తెరుచుకుంటాయి. బెలూన్ వరకూ పూత వదిలేయాలా, లేక మందం తగ్గించి చూడాలా అని వాదన నడుస్తోంది. నా ఓటు మందం తగ్గించడానికే, ఎందుకంటే పూత లేని బెలూనే బ్యాక్టీరియాకి తెరిచిన తలుపు అవుతుంది.

స్టెరిలైజేషన్ కూడా ఉంది. గామా కిరణాలైతే మామూలుగా 25 కిలోగ్రే మోతాదు వాడతారు, దానికి సిలికోన్ కొంచెం గట్టిపడుతుంది, పైపొర పాలిమర్ ఏమవుతుందో చూడాలి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుకి కొన్ని ముక్కలు, గామాకి కొన్ని, ఆటోక్లేవ్‌కి (ఒత్తిడితో ఆవిరి పట్టే యంత్రం) కొన్ని వేరువేరుగా కట్టి పంపాం, వెనక్కి రాగానే కాంటాక్ట్ యాంగిల్ నుంచి మళ్ళీ మొత్తం కొలత.

ఈలోగా గొట్టాలు పంపు మీదికి ఎక్కాయి. కృత్రిమ మూత్రంలో ఫినాల్ రెడ్ (పీహెచ్ పెరిగితే పసుపు నుంచి గులాబీకి మారే రంగు) కలిపి, ప్రోటియస్ మిరాబిలిస్ వేసి నడుపుతున్నాం. ఈ బ్యాక్టీరియా యూరియాని విడగొట్టి అమోనియా చేస్తుంది, పీహెచ్ పెరిగి మెగ్నీషియం, కాల్షియం లవణాలు స్ఫటికాలుగా దిగి గొట్టాన్నే మూసేస్తాయి. ఆసుపత్రుల్లో ఎక్కువకాలం క్యాథెటర్ ఉన్నవాళ్ళని ఏడిపించేది ఇదే. పూత లేని గొట్టం బయటికి వదిలే ద్రావణం ఇప్పటికే పసుపు నుంచి గులాబీకి తిరిగింది. పూత ఉన్నవి ఇంకా పసుపే, కానీ ఇందులో ఒకదాని అవుట్‌లెట్ దగ్గర నల్లటి పెచ్చు కనబడింది. అది పూత ఊడిందో, గోడకి అంటుకున్న రేణువేదో కొట్టుకొచ్చిందో తెలియాలంటే గొట్టాన్ని నిలువునా కోయాలి, పంపు ఆపేదాకా ఆ పని కుదరదు. పంపు శుక్రవారం ఆపుతాం.